బండి కంటి మీద బొట్టు

నవంబర్ 10, సోమవారం
ఏజీవీలు దిగాయి. రెండు. కోయంబత్తూరు నుంచి లారీలో, చెక్కపెట్టెల్లో. డ్రైవరు లేకుండా నేల మీద అంటించిన పట్టీ వెంట నడిచే బండ్లు. మా నూలు మిల్లులో దూది ఏకే కార్డింగ్‌లో దూది నిండిన నిలువెత్తు క్యాన్లను ఎత్తుకెళ్లి డ్రాఫ్రేమ్ మిషన్ దగ్గర దించాలి, ఖాళీవి వెనక్కి తేవాలి. ఇన్నాళ్లూ అది ఆడవాళ్లు తోసే పని. అందులో తొమ్మిదేళ్లు నేనూ తోశాను. ఇప్పుడు ఆ బండ్లకు నేను ఇన్‌ఛార్జిని. రాస్తుంటే నవ్వొస్తోంది. మళ్లీ రాసుకుంటా... ఇన్‌ఛార్జి రమణ.

శుక్రవారం ట్రయల్. నెగ్గితే క్యాన్లు తోసే ఆరుగురికీ దారం వడికే రింగ్‌ఫ్రేమ్ ట్రైనింగ్ ఇస్తామని ఎండీ గారు నోటిమాటగా అన్నారు. నెగ్గకపోతే బండ్లు వెనక్కి, ఆ పని కాంట్రాక్టు మేస్త్రీకి. ఆయన మనుషులు ఆయనకున్నారు. మా ఆరుగురూ ఇంటికే. భయం లేదని వాళ్లకు మాటిచ్చేశాను. నోరు ఊరుకోదు కదా.

నవంబర్ 11
కోటమ్మ పిన్ని బండి చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఆరుగురిలో పెద్దది. చేరిన రోజు నాకు క్యాను ఒంచి తొయ్యడం నేర్పింది ఈవిడే.
"ఏందే రమణా, దీనికి మొకం ఏడుందే?"
ముందున్న నల్లటి అద్దం చూపించాను. ఎదురుగా మనిషి వస్తే దాంతోనే చూసి ఆగుతుందన్నాను.
"అయితే మన దిక్కే చూస్తందన్నమాట!" — కొంగు సర్దుకుంది.
సాయంత్రానికి పేరు కూడా పెట్టేసింది. అల్లుడు. పని మొదలెట్టకముందే ఇన్ని మర్యాదలు ఇంకెవరికి జరుగుతాయి అంటుంది.

నవంబర్ 12
పట్టీ అంటించడం అయిపోయింది. బండ్ల కంపెనీ ఇంజనీరు సెల్వం వెళ్లిపోయాడు. "ఏదైనా అయితే ఫోన్ చేయండి మేడం." మేడం!!

నవంబర్ 13
మొదటి బండిని ఖాళీగా పదిసార్లు తిప్పాను. ఎక్కడా దారి తప్పలేదు. ఎదురుగా నిలబడ్డాను... ఆగింది. పక్కకు జరిగాను... కదిలింది. మళ్లీ నిలబడ్డాను, ఊరికే. నా కోసం ఇంత బుద్ధిగా ఆగినవాళ్లు ఈ మిల్లులో ఎవరున్నారు.

రేపు ట్రయల్‌కు ముందు పూజ. నేను వెనక వరసలో ఉండాలి. ఎవరూ చెప్పరు, నాకే అలవాటు. మా ఆయన పోయిన ఈ ఏడేళ్లలో ఏ కొత్త మిషన్ పూజనూ ముందు నిలబడి చూడలేదు. ఇన్‌ఛార్జినైనా అంతే.

నవంబర్ 14, శుక్రవారం
నెగ్గాం! ముందు అది రాశాను, ఇక వివరంగా.

పది గంటలకు పూజ. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు. బొట్టు పెట్టే పని ఎప్పుడూ కోటమ్మ పిన్నిదే, పెద్ద ముత్తయిదువ. నాకు ముందున్నవన్నీ తలలే, ఏం చేస్తోందో కనపడలేదు. ఎండీ గారు బటన్ నొక్కారు. కదల్లేదు. మళ్లీ నొక్కారు. ఎర్రలైటు. "అల్లుడు అలిగాడ్రోయ్" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఎండీ గారు నవ్వలేదు. కాంట్రాక్టు మేస్త్రీ గోడకు ఆనుకుని తీరిగ్గా చూస్తున్నాడు.

తోసుకుని ముందుకొచ్చాను. అద్దం నిండా పసుపు, నడిమధ్యన రూపాయి బిళ్లంత కుంకుమ. మొఖమని చూపించింది నేనే. అక్కడ ఏమీ పెట్టకూడదని చెప్పాలని నాకు తట్టలేదు. ఆ తప్పు నాది.

సెల్వంకు ఫోన్. "అద్దం తుడవండి మేడం, అంతే."

అంతే. కానీ అప్పుడే పెట్టిన బొట్టు ఎవరు తుడుస్తారు? ఎలక్ట్రీషియన్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మేనేజరు పంతులు గారి వైపు చూశాడు. పంతులు గారు పళ్లెం సర్దుకుంటున్నారు. "తుడవబాకండి, అరిష్టం" అని వెనక నుంచి ఒక గొంతు. పిన్ని కుంకుమ భరిణ కొంగులో దాచుకుంది — "నేనేం జేశానే తల్లీ..."

బొట్టు తుడవడమంటే ఏమిటో ఆ గుంపులో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు. నాది నలుగురు పట్టుకుని తుడిచారు. కొంగు తడిపి తుడిచేశాను. రెండుసార్లు. ఎవరి మొఖమూ చూడలేదు.

పచ్చలైటు. కదిలింది! క్యాను ఎత్తుకుంది, మలుపు తిరిగింది, డ్రాఫ్రేమ్ దగ్గర మెల్లగా దించింది. మా ఆరుగురూ చప్పట్లే చప్పట్లు. షిఫ్టు దిగేదాకా ఒక్క ట్రిప్పు తప్పలేదు. మేస్త్రీ ఎప్పుడు వెళ్లిపోయాడో చూడనేలేదు. "శభాష్ రమణమ్మా" — ఎండీ గారు, అందరి ముందూ. గాల్లో ఉన్నాను.

నవంబర్ 15
గుసగుసలు. మొగుడు లేనిది బొట్టు తుడిచింది, ఏం మూడుద్దో ఏందో అని. ఏమీ మూడలేదు. బండి చక్కగా తిరుగుతోంది.

అన్నాలప్పుడు పిన్ని కుంకుమ భరిణ తెచ్చి నా చేతిలో పెట్టింది.
"వెనక పక్క పెట్టు. కన్ను లేని చోట."
"నేనా పిన్నీ?"
"నువ్వు తుడిస్తే నడిచింది గదా. పెడితే ఆగుద్దా ఏంది?"

పెట్టాను. బ్యాటరీ తలుపు మీద. ఏడేళ్ల తర్వాత నా వేలికి కుంకుమ. మొదటిది కాస్త వంకరగా వచ్చింది. రెండో బండికి తిన్నగా పెట్టాను. ఇంత సంతోషం దేనికో నాకే తెలియదు.

నవంబర్ 17
రెండో బండి కూడా లైన్లోకి. "ఫోన్ లేదేంటి మేడం" అని సెల్వమే చేశాడు. అవసరం పడలేదు బాబూ అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట.

నవంబర్ 18, మంగళవారం
ట్రైనింగ్ లిస్టు అంటించారు. ఐదు పేర్లు. కోటమ్మ పిన్ని పేరు లేదు.
మేనేజరును అడిగాను. వయసు, చూపు, తెగిన దారం అతకడం ఆమె వల్ల కాదు... "పైగా ఆ రోజు" అని ఆపేశాడు. ఆ రోజు తప్పు నాది సార్, ఆమెకు చెప్పనిది నేను అన్నాను. ఫైలు మూశాడు.

నవంబర్ 19
పిన్ని బోర్డు ముందు నిలబడి ఉంది. "నాకు చదవను రాదు గదే. నా పేరు పైనుందా, కిందుందా?" మిగతా ఐదుగురూ తలలు దించుకున్నారు.
"రేపు చెప్తా పిన్నీ."
"చానా మంచిదానివే" అంటూ నా బుగ్గ పుణికి వెళ్లింది.

నవంబర్ 20, పొద్దున
పదకొండింటికి ఎండీ గారు గదికి రమ్మన్నారు. నా ఇన్‌ఛార్జి ఆర్డరు కాగితం, సంతకం పెట్టాలట. ముందు ఆరో పేరు రాయండి సార్, తర్వాత పెడతా అంటాను. కాదంటే... ఆ కాగితం నాకు కావాలి. చాలా కావాలి. బస్సు టైమైంది. పిన్ని స్టాపులో నాకు సీటు పట్టడానికి ముందే వచ్చి ఉంటుంది.