పెట్టె బయట పిన్ని

గున్నెల్ పిన్నీ,

నువ్వే గెలిచావు! మన అపార్ట్‌మెంట్లో ఇన్నాళ్లూ నువ్వు చూసిన బట్టలుతికే గది వంతులు ఇక కంప్యూటరే చూస్తుందని నేను గీసిన బొమ్మ చూసి, "ఏమిటే, నన్ను పెట్టెలో పడుకోబెట్టావు? ఇంకా బతికే ఉన్నాను!" అని కాఫీ వదిలేసి వెళ్లిపోయావే, తప్పు నాదే. ఆ పెట్టె కంప్యూటరు. లోపలి గుండ్రాల్లో అది చేసే పనులే ఉండాలి, మనుషులు బయట నిలబడాలి. నిన్ను లోపల గీసిన తప్పు మా ఆఫీసులో ఒక్కరూ పట్టుకోలేదు!

నిన్ను బయట నిలబెట్టాక నీ అసలు పని కనపడింది. పిల్లాడికి వాంతులైన ఇంటికి ఇంకొకరి వంతు బతిమాలి ఇప్పిస్తావు. అది కంప్యూటరుకి రాదు పిన్నీ! అందుకే బొమ్మలో ఆ గది తాళంచెవి నీ చేతికే ఇచ్చాను.

ఈ కంప్యూటరు పెట్టాలా వద్దా అని గురువారం జరిగే కమిటీ ఓటుకి రా. నువ్వు లేకపోతే ఆ బొమ్మ తప్పు.

నీ అక్క కూతురు