తమ్ముడి పేరు కూడా చదువు, బాపూ

బాపుకు,

హుగ్లీ నది ఒడ్డు నుంచి నీ బిడ్డ సునీత దండం పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ అవ్వా బాగున్నారని తలుస్తున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? జనగామ దవాఖానలో ఇచ్చిన మందు వేసుకుంటున్నదా, లేక డబ్బాలో దాచిపెట్టి తగ్గిందని అబద్ధం చెబుతున్నదా? బర్రె ఈనిందా? పత్తికి ఈసారి వాన సరిపోయిందా? పెద్దబాపుకు దగ్గు ఎట్లా ఉంది?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో తమ్ముడు శ్రీను పేరు ఎత్తగానే "ఇగో, మీ అవ్వ మాట్లాడుతదట" అని ఆమె చేతికిచ్చేస్తున్నావు. ఆమె పాలు పితుకుతూ ఉన్నా సరే, ఫోన్ ఆమె చెవికి చేరిపోతున్నది. ఉత్తరాన్ని అట్లా దాటేయలేవు. పైన నీ పేరే రాశాను. కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదువు.

ముందు నా సంగతులు చెబుతాను. పని చెల్పూర్ కరెంటు ప్లాంటులో చేసినట్టే ఉంది. కంట్రోల్ రూములో కూర్చుని బాయిలర్ వేడి, ఆవిరి ఒత్తిడి చూస్తూ ఉండాలి. లోపల అవే తెరలు, బయట అదే బూడిద. పనికి భయం లేదు, నా గురించి దిగులు పడకు. కానీ భూపాలపల్లిలో గది తీసుకుని ఉన్నప్పుడు సెలవు దొరికితే బస్సెక్కి మన ఇంటికి వచ్చేదాన్ని. ఇక్కడ సెలవు దొరికితే బట్టలు ఉతుక్కుని కిటికీ దగ్గర కూర్చుంటాను. వాన పడితే చల్లబడాలి కదా, ఇక్కడ వాన వెలిశాక ఇంకా ఎక్కువ చెమట పోస్తుంది. కూరల్లో ఆవనూనె, పప్పులో చక్కెర. అవును బాపూ, పప్పులో చక్కెర. మొదటిరోజు ముద్ద నోట్లో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. ఇప్పుడు నేనే వండుకుంటున్నాను, కడుపునిండా తింటున్నాను. అవ్వకు ఈ మాట గట్టిగా చదివి వినిపించు.

అన్నిటికంటే పెద్ద కష్టం ఏమిటంటే, ఇక్కడ నాతో క్రికెట్ మాట్లాడేవాళ్లు లేరు. అందరికీ ఫుట్‌బాలే. ఊళ్లో రెండు జట్ల మనుషులుంటారు. ఒకరిది ఎరుపు పసుపు జెండా, ఇంకొకరిది ఆకుపచ్చ మెరూన్ జెండా. ఆ రెండు జట్లూ ఆడే రోజున మా ప్లాంటులో షిఫ్టు మార్చుకోవడానికి ఒక్కడు ఒప్పుకోడు. ఎరుపు పసుపు గెలిస్తే వాళ్ల ఇళ్లలో పులస చేప కూర, ఆకుపచ్చ వాళ్లు గెలిస్తే వీళ్ల ఇళ్లలో రొయ్యలు. కొత్తగా ఎవరు పరిచయమైనా "నువ్వు ఏ జట్టు?" అని అడుగుతారు. నేను రఘునాథపల్లి మండలం జట్టు అని చెబుతాను, నవ్వుతారు.

నేను అద్దెకున్న ఇంటి పెద్దాయనను అందరూ దాదూ అంటారు, అంటే తాత. ఆయనది ఆకుపచ్చ మెరూన్. కోడలిది ఎరుపు పసుపు. ఆట రోజున ఆమె తన జెండా తెచ్చి మేడ మీద కడితే ఆయన కింద నుంచి తిడతాడు, ఆమె పైనుంచి నవ్వుతుంది. అంతటితో అయిపోతుంది. నాకు చూడముచ్చటగా ఉండేది. మన ఇంట్లో టీవీ ముందు నువ్వూ నేనూ కొట్లాడుకున్నట్టే అనిపించేది.

మన కొట్లాట ఇప్పటికీ సాగుతూనే ఉందిలే. మొన్న ఇండియా మ్యాచ్‌కు ఆ ఎడమచేతి స్పిన్నర్‌ను కూర్చోబెట్టారని ఫోన్‌లో ఎంత మండిపడ్డావు! "పిచ్ సూడలేదా వాళ్లు? కండ్లకు గంతలు కట్టుకున్నరా?" అన్నావు. ఆ విషయంలో నేను నీ పక్షమే. ఎనిమిదో నంబరు దాకా బ్యాటింగ్ ఉండాలన్న భయంతో వికెట్ తీసేవాడిని బయట పెడుతున్నారు. నాలుగు పరుగుల ఆశతో వికెట్లు వదులుకోవడం నాకు నచ్చదు. ఆ ఓపెనర్ కుర్రవాడిని తీసేసినప్పుడు నువ్వన్న మాట మాత్రం నాకు బాగా గుర్తుంది. "ఒక్క ఆట సూసి మనిషిని పక్కకు పెడ్తరా? అది సెలెక్షనా, కోపమా?" అన్నావు.

బాపూ, మన ఊరి జట్టుకు సెలెక్టర్‌వి నువ్వే. అదే మాట ఇప్పుడు నేను నిన్ను అడుగుతున్నాను.

ఎండాకాలంలో జరిగిన ఆ ఫైనల్‌కు నేను లేను. అవ్వ కొంత చెప్పింది, శ్రీను కొంత చెప్పాడు, నువ్వు ఏమీ చెప్పలేదు. నేను విన్నది రాస్తాను, తప్పుంటే దిద్దు. పక్క మండలం జట్టుతో ఆట. మనవాళ్ల చివరి జోడీ ఆడుతున్నది. మహేశన్న బ్యాటింగ్, కొడుకు ఆటను పెద్దబాపు బయట కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. శ్రీను అప్పటికే ఔటై వచ్చి అంపైర్‌గా నిలబడ్డాడు. బ్యాటింగ్ చేసే జట్టువాళ్లే అంపైర్‌గా నిలబడటం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి కదా. ఇక్కడ ప్లాంటులో ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. "అయితే తమవాడిని ఎవరైనా ఔట్ ఇస్తారా?" అని అడిగారు. మా తమ్ముడు ఇచ్చాడని చెప్పాను.

శ్రీను నాతో చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "బ్యాట్‌కు తగిలిందక్కా. చప్పుడు ఇన్న. కీపర్ పట్టుకున్నడు. మహేశన్న దిక్కు సూసిన, ఆయన నా దిక్కు సూడలే. ఇన్న చప్పుడు ఇనలేదని ఎట్ల అంటనే?" అన్నాడు. వాడు వేలెత్తాడు, మనం ఓడిపోయాం. పెద్దబాపు కుర్చీలోంచి లేచి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడట. ఆ సాయంత్రం పాల కేంద్రం ముందు, అందరూ వింటుండగా, నువ్వు "టీం మీద ప్రేమ, పావురం లేనోడు టీంల ఎందుకు? వాడు ఇంక ఆడడు" అన్నావట. తెల్లారి వాడు మానుకోట వెళ్లి మామ ఎరువుల దుకాణంలో కూర్చున్నాడు. ఇప్పటిదాకా ఇంటికి రాలేదు.

నువ్వు ఎందుకు అట్లా అన్నావో నాకు తెలుసు. పెద్దబాపు నిన్ను పెంచాడు. ఆయన ముఖం చూడలేక నీ కొడుకును పక్కన పెట్టావు. నీ మీద నాకు కోపం లేదు బాపూ, బాధ ఉంది. అవ్వ మీ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నది. వాడికి అన్నం పెట్టక ఎన్నాళ్లయిందని ఫోన్‌లో ఏడ్చింది. నువ్వు పక్కనే ఉన్నావు, నీ దగ్గు నాకు వినపడింది.

ఈ ఉత్తరం రాయడానికి ఇంకొక కారణం ఉంది. పోయిన వారం దాదూ వాళ్ల అన్న చనిపోయాడు.

ఆయనకు అన్న ఉన్నాడన్న సంగతే నాకు తెలియదు. పక్క వీధిలోనే ఉండేవాడట. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు, కానీ అన్న ఎరుపు పసుపు జట్టువైపు పోయాడు. వయసులో ఉన్నప్పుడు ఒక ఆట చూసి వస్తూ మాటా మాటా పెరిగి మాట్లాడుకోవడం మానేశారు. కోడలి జెండాను చూసి నవ్వగలిగిన మనిషి, అన్న గడప మాత్రం తొక్కలేదు. పెళ్లిళ్లకు పోయినా వేరే వరుసలో కూర్చుని తిని వచ్చేవాడట.

కబురు వచ్చినప్పుడు నేను డ్యూటీ దిగి వస్తున్నాను. దాదూ తెల్ల ధోవతి కట్టుకుని కోడలి గది ముందు నిలబడి ఉన్నాడు. "నీ జెండా ఇవ్వమ్మా" అన్నాడు. ఆమె లోపలికి పోయింది. పెట్టెలోంచి తీసి ఇచ్చింది. దాన్ని ఎట్లా మడత పెట్టాలో ఆయనకు తెలియడం లేదు. ఎరుపు పైకి రావాలా, పసుపు పైకి రావాలా అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు? ఇద్దరం కలిసి ఎట్లాగో మడిచాం. ఆయనే తీసుకెళ్లి అన్న మీద కప్పాడు. ఆ వీధిలో ఆకుపచ్చ జట్టువాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

తిరిగి వచ్చాక వరండాలో కూర్చున్నాడు. నేను చాయ్ పెట్టి ఇచ్చాను. ఏం మాట్లాడాలో తెలియక, మన అలవాటు కొద్దీ అడిగాను, "ఆ రోజు స్కోరు ఎంత దాదూ?" అని. ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "గుర్తు లేదు" అన్నాడు. ఎవరు గెలిచారో కూడా గుర్తు రావడం లేదన్నాడు. "ఆ రోజు వాన పడింది. పోయేటప్పుడు ఇద్దరికీ కలిపి గొడుగు అన్నే పట్టాడు. వచ్చేటప్పుడు గొడుగు నా చేతిలో పెట్టి తడుస్తూ పోయాడు. అది ఒక్కటే గుర్తుంది" అన్నాడు. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. ఆయన కోసమో మన శ్రీను కోసమో నాకే తెలియలేదు.

బాపూ, మనం ఎన్ని పరుగుల తేడాతో ఓడామో నీకు ఇప్పుడు గుర్తుందేమో. కొన్నాళ్లు పోతే అది ఉండదు. వాడు బ్యాగు భుజాన వేసుకుని మానుకోట బస్సు ఎక్కిన పొద్దు మాత్రం నీ కళ్ల ముందే ఉంటుంది. ఆ రోజు నువ్వు చేనుకు పోలేదని అవ్వ చెప్పింది.

ఇంకొకటి కూడా గుర్తు చేస్తాను. వరి నూర్పిళ్లయ్యాక మన కల్లంలో మేం ఆడుకునేవాళ్లం. నువ్వు మంచం మీద కూర్చుని అంపైర్‌గా ఉండేవాడివి. ఒకసారి నా బ్యాట్‌కు తగిలి బంతి వెనక్కి పోయింది. తగలలేదని నేను మొండికేశాను. నువ్వు వేలెత్తావు. నేను బ్యాట్ విసిరేసి ఏడిస్తే అన్నావు, "ఇన్నది ఇన్నట్టు చెప్పాలె. నా బిడ్డవని చెవులు మూసుకుంటనా?" అని. ఆ తర్వాత మిర్చి బజ్జీలు తెచ్చి నన్ను బుజ్జగించావనుకో. అప్పుడు వికెట్ల వెనక నిలబడి బంతి అందుకున్నది శ్రీనే. ఆ మాట నాకంటే వాడే గట్టిగా విన్నట్టున్నాడు.

టీం మీద పావురం లేదని వాడిని అన్నావు. పావురం లేనివాడు ఎండాకాలమంతా తెల్లారి లేచి ఆ గ్రౌండ్‌కు నీళ్లు కొడతాడా? ముళ్ల కంపలు ఏరి పిచ్ చదును చేస్తాడా? నువ్వు చూడలేదని అనకు, వాడికి ట్యాంకరు ఇప్పించిందే నువ్వు.

బతుకమ్మ సెలవుల్లో మళ్లీ టోర్నమెంట్ ఉందని అవ్వ చెప్పింది. అంతకుముందు సాయంత్రం పాల కేంద్రం ముందు నిలబడి పేర్లు చదువుతావు. తమ్ముడి పేరు కూడా చదువు. ముందుగా పెద్దబాపు ఇంటికి పోయి కూర్చో, ఆయనతో చాయ్ తాగు. వాడు చేసింది తప్పని చెప్పి క్షమించమని అడగకు. వాడు విన్నది చెప్పాడని మాత్రం చెప్పు. ఆయన నిన్ను పెంచిన మనిషి, నీ మాట వింటాడనే నా నమ్మకం. వినకపోతే కొన్ని రోజులు ముఖం తిప్పుకుంటాడు, మళ్లీ వస్తాడు. శ్రీను నీ పోలికే, పిలవనిదే రాడు.

ఇక్కడ దుర్గ పూజకు నాకు సెలవు లేదు. అందుకే ఆ ఆట చూడటానికి రాలేను. మీరెవరైనా వీడియో పంపితే డ్యూటీ దిగాక చూస్తాను. పెద్దబాపుకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. మహేశన్నను అడిగినట్టు చెప్పు, ఇంకేమీ అనకు. అవ్వను మందు వేసుకోమను. నీ దీవెన నా తల మీద ఉంటే ఇక్కడ నాకు ఏ కొరతా లేదు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను.

చివరగా ఒక చిన్న పని. ఇక్కడి కూరలతో నా నాలుక చచ్చిపోయింది. అవ్వతో చింతకాయ తొక్కు, మన ఎండుమిరప కారం కట్టించి జనగామలో కొరియర్‌కు ఇప్పించు. డబ్బా మీద చిరునామా మాత్రం నువ్వు రాయకు. నీ రాత ఆ దేవుడికి కూడా అర్థం కాదు, డబ్బా ఏ అస్సాంకో పోతుంది. శ్రీనుతో రాయించు. నాకు జవాబు రాయాల్సిన పని కూడా లేదు. డబ్బా మీద వాడి చేతిరాత కనపడితే వాడు ఇంటికి వచ్చాడని నాకు తెలిసిపోతుంది.

నీ బిడ్డ,
సునీత