సమయం చాలక చదవని పేర్లు

కొత్తపేట,
ఆదివారం సాయంత్రం.

అమ్మాయి స్టెల్లాకు నాన్న దీవించి రాయునది. ప్రభువు దయవల్ల నేనూ మీ అమ్మా కులాసా. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం అలాగే ఉంది. నువ్వు వచ్చేదాకా పెరట్లో చెట్టు బొండాలు ఎవర్నీ దింపనివ్వనంటోంది.

నీ మూడు పేజీల ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనూ ఫోను చెయ్యకుండా ఉత్తరమే రాస్తున్నాను. ఫోనైతే మీ అమ్మ స్పీకరు పెట్టమంటుంది. ఇందులో ఆవిడ ఇప్పుడే వినకూడని సంగతి ఒకటుంది. చివర్లో చెబుతాను.

నీ రేడియో కార్యక్రమంలో ఎవరో పంపిన పద్నాలుగు పేర్లూ చదివినందుకు మీ పైవారు కేకలేశారనీ, ఇకమీదట రెండు పేర్లు దాటకూడదన్నారనీ రాశావు. గాజు గదిలో కూర్చుని గోడతో మాట్లాడుతున్నట్టుందనీ, నెలాఖరుకి మానేసి బీఈడీలో చేరతాననీ అన్నావు. "పేర్లు చదివితే ఎవరికేం ఒరుగుతుంది నాన్నా?" అని అడిగావు. దానికి నా దగ్గర జవాబుంది.

పి.గన్నవరం దగ్గర మా ఊళ్లో త్రిమూర్తులు బాబాయి టీ కొట్లో ఉన్న రేడియోయే ఊరందరికీ రేడియో. శ్యామ్ బాబు గారు అందులో టైము చెబితే మా హెడ్మాస్టరు గడియారం ముల్లు తిప్పుకునేవారు. వ్యవసాయం చెప్పే దుర్గాశ్రీనివాస్ గారు "చేలో దోమ చూసుకున్నారా అండీ" అంటే, టీ తాగుతున్న రైతు "ఆయ్, చూసేనండి" అని రేడియోకే జవాబిచ్చేవాడు. నవ్వుకునేవాళ్లం గానీ, ఆ పెట్టెలో ఉన్న మనిషి మన మాట వింటున్నాడని లోపల అందరికీ ఉండేది.

అందరిలోకీ సూర్యకుమారి గారు వేరు. బుధవారం మధ్యాహ్నం ఆవిడ శ్రోతలు కోరిన పాటలు వేసేవారు. పాట సంగతి అటుంచు, కార్డు రాసినవాళ్ల పేర్లు చదివేవారు చూడు, ఆ మనిషిని దగ్గర కూర్చోబెట్టుకుని పిలిచినట్టు ఉండేది. ఆవిడ నోట 'సాలమోను' అని నా పేరు మొదటిసారి విన్న రోజు నేను అన్నం మాట మరిచిపోయాను. ఇరవై రెండేళ్లవాణ్ణి.

తరువాత నా బుద్ధి గడ్డి తింది. ఇంకో కార్డు మీద నా పేరు పక్కన కృపావతి అని రాసి పంపాను. అప్పటికి మీ అమ్మతో నాలుగు మాటలైనా మాట్లాడలేదు. చర్చిలో ఒకసారి పాటల పుస్తకం అందించింది, అంతే. రెండు పేర్లూ సూర్యకుమారి గారి గొంతులో ఒక్క ఊపిరిలో వినాలని ఆశ. నాతోపాటు ఊరు కూడా వింటుందన్నది తోచలేదు.

బుధవారం చదివారు. మా ఇద్దరి పేర్లే. రేడియోలో అలా జంటగా పేర్లు వచ్చేది మొగుడూ పెళ్లాలవే. సాయంత్రానికి ఊరంతా అదే మాట. మీ అమ్మ వాళ్ల నాన్న, మీ తాతగారు ఎబినేజర్ గారు, చర్చి సంఘపెద్ద. "రేడియోకెక్కిన పిల్లకి ఇంకా ట్రైనింగెందుకండీ, నెల తిరక్కుండా ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాను" అన్నారట పాస్టరు గారితో. మీ అమ్మ టీచరు ట్రైనింగు మొదలుపెట్టి అప్పటికి మూడు నెలలు. నేను తప్పు ఒప్పుకుంటూ సూర్యకుమారి గారికి కార్డు రాశాను. పోస్టు చెయ్యడానికి ధైర్యం చాలక బైబిల్లో దాచి, ఆత్రేయపురంలో మేనత్త ఇంటికి పారిపోయాను.

మూడో బుధవారం అక్కడే విన్నాను. "కిందటిసారి ఈ ఊరి శ్రోతల సంఘం వారి కార్డులో సమయం చాలక మొదటి రెండు పేర్లే చదివాను. తప్పు నాదే, మిగతావారు క్షమించాలి" అని సూర్యకుమారి గారు ఇరవై రెండు పేర్లు వరసగా చదివారు. కృపావతి, సాలమోను, లోవమ్మ, త్రిమూర్తులు, ఎబినేజర్ గారు... మీ తాతగారి పేరు ఐదోది. తన పేరు రేడియోలో విన్న మనిషి ఇంకేం కోప్పడతారు? మర్నాడు "మా శ్రోతల సంఘం" అని ఆయనే నలుగురికీ చెప్పారట. మీ అమ్మ తిరిగి ట్రైనింగుకి వెళ్లింది. లేని సంఘాన్ని మేం నిజంగానే పెట్టుకోవాల్సి వచ్చింది. శ్రోతల సంఘంలో పరిచయమయ్యామని నీకు చెప్పింది సగమే నిజం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పేర్లు ఎవరు పంపారో మొన్నటిదాకా నాకు తెలియదు. త్రిమూర్తులు బాబాయి అనుకున్నాను. ఆయన పోయాక కాదనేవారు లేరు గదా అని, ఆ కార్డు రాసింది నేనేనని మీ అమ్మతో చెప్పేశాను. "ఆయ్, అలాగాండీ" అని ఊరుకుంది. ముప్పై ఏళ్లుగా చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆ గొప్ప చెప్పుకుంటూనే ఉన్నాను. నువ్వూ ఎన్నిసార్లో విన్నావు.

కిందటి వారం నీకు పంపడానికి పూతరేకులు కొందామని ఆత్రేయపురం వెళ్లాను. నా వెనక ఎవరో "బెల్లం రేకులే ఇవ్వండమ్మా" అన్నారు. చప్పున వెనక్కి తిరిగాను. ఆ ముఖం ఎన్నడూ చూసింది కాదు. తెల్లజుట్టు, చేతికర్ర. గొంతు మాత్రం నలభై రెండేళ్ల కిందటి బుధవారమే. "సూర్యకుమారి గారు కదండీ" అంటూ చేతులు జోడించాను. నా పేరూ ఊరూ చెప్పాను.

"గుర్తులేకేమండీ," అన్నారావిడ. "ఆ అమ్మాయి కృపావతే కార్డు నిండా చీమల్లా పేర్లు రాసింది. కింద 'అబ్బాయిది తప్పే గానీ చెడ్డవాడు కాడండి, నా చదువు ఆగిపోతోందండి' అని ఒక్క ముక్క. ఆ రోజు ఒక పాట తగ్గించి చదివేను. పైవారు మాటన్నారు, పడ్డాను." పూతరేకుల పొట్లం అందుకుంటూ, "ఇంతకీ ఆ పిల్ల చదువుకుందా అండీ?" అని అడిగారు.

"ముప్పై ఏడేళ్లు పిల్లలకి చదువు చెప్పి రిటైరైందండి" అన్నాను. ఎక్కడి మనిషి, ఎక్కడి కార్డు ముక్క. గాజు గదిలో కూర్చున్న ఆవిడ, కళ్లతో చూడని పిల్ల బతుకు నిలబెట్టారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం తీరడం లేదు.

నా అబద్ధం ముప్పై ఏళ్లుగా మీ అమ్మకు తెలుసన్నమాట. ఒక్కనాడూ నా పరువు తియ్యలేదు. నాకు తెలిసిపోయిందని ఆవిడకు ఇంకా చెప్పలేదు.

నాడు పోస్టు చెయ్యని కార్డు ఈ ఉత్తరంలో పెట్టాను. వచ్చే బుధవారం నీ కార్యక్రమంలో రెండు పేర్లు చదువు. కృపావతి, సాలమోను. ఆవిడ పేరే ముందు. మీ పైవారి లెక్క కూడా దాటదు. ఫోనులో మీ రేడియో పెట్టుకుని ఇద్దరం పక్కపక్కన కూర్చుని వింటాం, అప్పుడే నేను తప్పు ఒప్పుకుంటాను. అందాకా ఉద్యోగం మానకు. తరువాత నీ ఇష్టం, నేను అడ్డు చెప్పను.

చదివాక, మిగతా పేర్లు సమయం చాలక చదవలేదని ఒక్కమాట అను. మీ అమ్మకు అర్థమవుతుంది.

ఇట్లు,
నీ శ్రోత,
మీ నాన్న