అమ్మ రొట్టె చప్పుడుకు కెమెరా

చిరంజీవి తమ్ముడు తిప్పన్నకు, రంగనాయకస్వామి దయవల్ల ఇక్కడ కులాసా.

మొన్న పొద్దున అమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. ఆ చప్పుడు వినాలని ఉందన్నావుగా, వీడియో కెమెరా కొనేముందు పనితీరు చూద్దామని వనపర్తి దుకాణమాయనతో ఒకటి తెప్పించాను. ఆయన తీయబోతే అమ్మ చేతులు ఆపి, కొంగు కప్పుకొని, బిగుసుకొని కూర్చుంది.

"అవ్వా, ఇది ఫొటో కాదు, జర కదులు!" అన్నాడాయన.

"కదిలితే మొగం చెడిపోతది, నువ్ ఊకో!"

టీవీలో వేస్తే పొయ్యిలో మంట ఒక్కటే కదిలింది.

నీ దగ్గు తగ్గిందా? మరదలు కషాయం ఇస్తోందా?

సాయంత్రం ఏ కెమెరా కొనాలా అని అందరం కూర్చున్నాం. దుకాణమాయన చెప్పినవాటిలో క్యాసెట్టు వేసేది చవక, మీటలూ తక్కువ, అదే చాలనుకున్నాం. కొనడం మాత్రం ఇక్కడ వద్దంది అమ్మ. "ఆ డబ్బా వాడుండే పుణెలనే కొనుక్కొని వాన్నే రమ్మను. వాడు ఎదురుంగ కూసుంటే తిట్టకుంట ఉంటనా, రొట్టె పెట్టకుంట ఉంటనా!" అదే ఖాయం చేశాం.

పిల్లలకు నా దీవెనలు.

పెద్దక్క