అడుగు గిన్నె

ఒంగోలు
బుధవారం

ప్రియమైన షాయిస్తా అబ్బాకు,

రిహానా సలాములు. బిళ్ళల అలవాటు మాన్పించే ఈ వార్డులో ఫోన్లు తీసి పెట్టుకున్నారు, అందుకే కాగితం పట్టాను. నా అక్షరాలు చూసి నవ్వకండి.

ఎముకల్లో నొప్పి. ముక్కు కారుతుంది, కడుపు నిలవదు, పడుకుంటే కాళ్ళు ఊరుకోవు. డాక్టరమ్మ మందు ఇస్తూనే ఉంది, "తగ్గుతాదిలేమ్మా" అంటూనే ఉంది. నడుం నొప్పికి కొన్నాళ్ళు వాడమని రాసిన బిళ్ళ నన్ను ఇక్కడిదాకా తెస్తుందని ఎవరనుకున్నారు? పలకలు కోసే షెడ్డులో పనికి పోయినప్పుడు టీతో పాటు బిళ్ళలూ పంచుకునేవాళ్ళం. "నీవి అయిపోయినాయా? నాది వేసుకో పాపా" అనేది వెంకటసుబ్బులమ్మక్క. ప్రేమతోనే ఇచ్చేది. నేనూ అట్లాగే ఇంకొకరికి ఇచ్చేదాన్ని.

ఆ బిళ్ళలు ఒక్క అట్ట తెచ్చిపెట్టండి. నేనంటే ప్రేమ ఉంటే తెండి. లేకపోతే అసలు రావద్దు.

మీ రిహానా


మార్కాపురం
సోమవారం

ప్రియమైన రిహానాకు,

నీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. నిన్న వార్డుకు ఫోన్ చేశాను. నిన్ను చూడడానికి అప్పుడే లోపలికి పంపం అన్నారు. ఇవాళ క్యారియర్, ఈ ఉత్తరం గేటు దగ్గర ఇచ్చి వస్తాను. పై గిన్నెలో మా అమ్మీ చేసిన ఖీమా, అడుగు గిన్నెలో సేమియా. సేమియా మాత్రం నువ్వొక్కదానివే తిను, పక్క మంచం వాళ్ళకు పెట్టకు. అర్థమైంది కదా?

మన పాప షాయిస్తా బడికి పోతోంది. జడలు నేనే వేస్తున్నాను. ఒకటి ఒంగోలు వైపు, ఒకటి గిద్దలూరు వైపు చూస్తున్నాయని వాళ్ళ టీచరు నవ్విందట. నువ్వు త్వరగా రాకపోతే ఆ పిల్లకు పెళ్ళిదాకా ఇవే జడలు.

నీ జమీర్


ఆస్పత్రి గేటు దగ్గర
మంగళవారం

ప్రియమైన రిహానా,

సేమియా తిన్నావా? తినకు. తిని ఉంటే వెంటనే డాక్టరమ్మకు చెప్పు.

వెంకటసుబ్బులమ్మ దగ్గర అడిగి తెచ్చిన అట్ట అందులో దాచాను. పొద్దున మెడికల్ షాపులో పనిచేసే నీ తమ్ముడు నౌషాద్‌తో మాటల్లో ఆ సంగతి అనేశాను. వాడి మొహం పాలిపోయింది. "ఇన్నాళ్ళు తగ్గించుకుంటూ వచ్చినాక పాత లెక్కన మింగితే ఊపిరి ఆగిపోతాది బావా! ఏం పని చేసినావు!" అన్నాడు. వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. దొరికిన బస్సు ఎక్కాను. దారి పొడుగునా నాకు నీ ఊపిరే గుర్తొచ్చింది.

సిస్టరుకు అంతా చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. "మీ ఆవిడకే రాసి ఇయ్యి" అని ఈ కాగితం చేతిలో పెట్టింది. ఆమె ఎందుకు అంత నెమ్మదిగా ఉందో నాకు అర్థం కాలేదు. భయంగా ఉంది రిహానా. ఒక్క ముక్క రాసి పంపు.

జమీర్


వార్డు లోపల
అదే రోజు

ప్రియమైన షాయిస్తా అబ్బాకు,

ముందు కళ్ళు తుడుచుకోండి, వాచ్‌మన్ చూస్తుంటాడు. నేను బాగున్నాను. ఆ అట్ట నా చేతికే రాలేదు.

ఉత్తరం పోస్టుకు పంపాక కాస్త కన్ను మూతపడింది. లేచాక తల తేటపడింది. అప్పుడు భయమేసింది, మీ గురించే. మీ సంగతి నాకు తెలియదా? షాయిస్తా మూతి ముడిస్తే బడి మానిపించే మనిషి మీరు. నేను ఏడ్చి అడిగితే తేకుండా ఉంటారా? లేచి సిస్టరు దగ్గరికి పోయాను. "మా ఆయన బలే మెత్తనోడు సిస్టర్. ఏం తెచ్చినా అడుగుదాకా చూసినాకే నాకియ్యండి" అని చెప్పాను. ఆమె గరిటె పెట్టి కలిపితే కవరులో చుట్టిన అట్ట పైకి తేలిందట. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మీ మీద కోపం మాత్రం రాలేదు.

ఒళ్ళు నొప్పులు బాగా తగ్గాయి. రాత్రి నిద్రపోయాను. నడుముకు కసరత్తు నేర్పుతున్నారు. బిళ్ళ మీద ఆశ మళ్ళీ పుడుతుందట. పుట్టినప్పుడు దాచుకోకుండా చెప్పాలట. మీకే చెప్తాను, కానీ మీరు కరిగిపోకూడదు. వెంకటసుబ్బులమ్మక్కను తిట్టకండి. ఈసారి వచ్చేటప్పుడు ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకురండి. ఆమె కూడా ఆ బిళ్ళలు లేకుండా పొద్దున లేవలేని మనిషి.

ఇవాళ మిమ్మల్ని లోపలికి పంపుతారట. రోగి దగ్గరికి ఖాళీ చేతులతో పోకూడదు అంటుంది అమ్మీ. ఈ ఒక్కసారికి ఏమీ కొనకుండా, ఖాళీ చేతులతోనే రండి.

తలుపు దగ్గరే నిలబడిన
మీ రిహానా