చెల్లని సంతకం

ఆనందూ,

జడ్జి ముందు నిలబెట్టకుండా, కాగితం మీద సంతకం తీసుకుని మనిషిని అమెరికా నుంచి పంపేయడం చెల్లదని పై కోర్టు నిన్న తీర్పు చెప్పింది. నిన్ను అలాగే పంపారు. ఇండియాలో నువ్వు కన్నుమూసిన ఏడాదికి న్యాయానికి మెలకువ వచ్చింది!

ఇవాళ ప్లెయిన్స్‌బరోలో నేను నడిపే ప్రార్థనలో నీ భార్య రూతు లేచి నిలబడింది.

"బ్రదర్, ఆయన్ని పట్టుకెళ్ళి పెట్టిన డిటెన్షన్ సెంటర్ నుంచి ఫోన్ చేస్తే, సైన్ చేసెయ్యమని ఆయనకి చెప్పింది మీరే కదా?"

నేనే. అధికారులకు లోబడమన్న బైబిల్ వాక్యం చదివి వినిపించాను. అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విడవకుండా విసిగించి న్యాయం తెచ్చుకున్న విధవరాలు కూడా అదే గ్రంథంలో ఉంది. ఆమె సంగతి నీకు చెప్పలేదు.

"ఇంక మీరు మాకు వాక్యం చెప్పొద్దు," అంది రూతు.

వెనక కుర్చీల్లోంచి ఎవరో ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.