అత్త ఎంచిన సైకిల్

మంగళవారం, పండుకునే ముంగట

బట్టల దుకాణంల డ్యూటీకి పోను సైకిల్ కొననీకి ఇయ్యాల అత్తతోని పోయిన. నాకు ఎర్రది నచ్చింది. మార్కెట్ యార్డుల పసుపు ఏరే అత్త పై రంగు చూస్తదా? కొమ్ము విరిచి సప్పుడు ఇన్నట్టే, ఒక్కో సైకిల్ చక్రం తిప్పి చెవి పెట్టి ఇన్నది.

"ఎర్రదాన్ల ఏదో గీస్కుంటుంది బిడ్డా," అన్నది. షాపాయన నవ్విండు. ఇప్పి చూస్తే లోపల గ్రీజే లేదు. అప్పుడు ఆయన మొకం చూడాలె.

నల్లది తీసుకున్నం. దాని క్యారియర్‌ను అత్త రెండు చేతులతోని ఒత్తి చూసింది. టిఫిన్ డబ్బకు గంత గట్టిది ఎందుకని అడిగిన.

"యార్డుదాంక నన్ను గూడ తీస్కపోవా? మస్తు నడిచిన."

తీస్కపోత అన్న. వెనక మనిషిని కూసోబెట్టుకొని నేను ఎన్నడు తొక్కలే. చెప్పలే. కనిపెట్టిందేమో, రేపు జల్ది లేపుమన్నది, రోడ్డు ఖాళీగ ఉంటదని.